గువ్వలలంక జాబితాలో లేని ఇల్లు

నా ఉద్యోగం ఏమిటని అడిగినవాళ్లకి దాదాపు ముప్ఫై ఏళ్లపాటు సరైన సమాధానం చెప్పలేకపోయాను. కాగితాల ప్రకారం గణాంకాల విభాగం. నిజానికి వరద వచ్చినా తుపాను వచ్చినా నన్ను తీసుకెళ్లి కంట్రోల్ రూములో కూర్చోబెట్టేవారు. పడవలు నడిపేవాళ్లు వేరు, అన్నం వండించేవాళ్లు వేరు, మందులిచ్చేవాళ్లు వేరు. ఏ పడవ ఏ ఊరికి వెళ్లాలి, ఆ ఊళ్లో ఎవరికి ఏమి లేదు అన్నది చెప్పడం నా పని. మా అత్తగారు దీన్ని ఒక్క ముక్కలో తేల్చేసేవారు. "మా కోడలికి అందరి ఇళ్ల సంగతులూ కావాలండి. దానికి గవర్నమెంటు జీతం కూడా ఇస్తది" అనేవారు వచ్చినవాళ్లతో. ఇంతకంటే మంచి నిర్వచనం నాకు ఏ శిక్షణలోనూ దొరకలేదు.

ఈమధ్యే స్వచ్ఛందంగా విరమణ తీసుకున్నాను. యాభై ఆరేళ్లకే ఎందుకని అడిగినవాళ్లకి మోకాళ్లు చూపిస్తున్నాను. పడవలోకి దిగడం ఇప్పటికీ చేతనవుతుంది, పడవలోంచి రేవు ఎక్కడమే నలుగురు పట్టుకుంటే గాని కావడం లేదు. విరమణ తర్వాత, సచివాలయాల్లో కొత్తగా చేరినవాళ్లకి నాలుగు మాటలు చెప్పమని అమలాపురం పిలిచారు. వెళ్లాను. ఒకమ్మాయి లేచి, "మేడమ్, డేటా కోసం మీరు ఏ సాఫ్ట్‌వేర్ వాడేవారండీ?" అని అడిగింది. "సింహాద్రి" అన్నాను. అందరూ పుస్తకాల్లో రాసుకున్నారు. సింహాద్రి అంటే గువ్వలలంక రేవులో పడవ నడిపే మనిషి. ఆ సంగతి చెప్పేలోపే భోజనాలని లేపేశారు. ఎక్కడెక్కడి పిల్లలు ఆ సాఫ్ట్‌వేర్ కోసం వెతుక్కుంటున్నారోనన్న పాపభీతితో ఇది రాస్తున్నాను.

నీళ్లు చెప్పే వస్తాయి

గోదావరి మర్యాద తెలిసిన నది. ధవళేశ్వరంలో ఒకటో హెచ్చరిక అంటారు, రెండో హెచ్చరిక అంటారు, మూడోది కూడా అంటారు. నది మధ్యనున్న మన లంకల్లోకి వచ్చేసరికి సామాను అటకెక్కించుకునే వ్యవధి ఇస్తుంది. తుపాను కూడా ముందు కబురు పెట్టే వస్తుంది. చెప్పకుండా వెళ్లిపోయేది మాత్రం కబురే. ముందు కరెంటు పోతుంది. తర్వాత టవరు దగ్గర బ్యాటరీ, ఆ తర్వాత జనరేటర్‌లో డీజిలు. అక్కడితో లంకలో ఫోన్లన్నీ టార్చి లైట్లు అయిపోతాయి. అప్పుడు అటునుంచి మనకి ఏదైనా తెలియాలంటే రెండే దార్లు. ఎవరో ఒకరు రాసి పంపిన కాగితం, దాన్ని తెచ్చిన పడవమనిషి నోరు.

ఏటిగట్టుకి ఇవతల వ్యవహారం దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. ఇక్కడ ఫోన్లు అవసరానికి మించి పనిచేస్తాయి. ఒక వరదలో రాజోలు వైపు గట్టుకి గండి పడిందని ఒక ఫొటో తిరిగింది. గంటలో నా ఫోనుకి అరవైసార్లు వచ్చింది. తాటిపాకలో ఉన్న మా పెద్దమ్మ కూతురు ఏడుస్తూ ఫోను చేసి, "అక్కా, బీరువా తాళాలు ఎవరికి చెప్పమంటావు?" అంది. ఫొటో చూశాను. కనుచూపు మేర నీళ్లు, కొట్టుకుపోతున్న రోడ్డు, ఒక్క కొబ్బరిచెట్టు లేదు. కోనసీమలో గట్టు తెగినచోట ఫొటో తీసి, అందులో ఒక్క కొబ్బరిచెట్టూ పడకుండా జాగ్రత్తపడాలంటే ఆ తీసినవాడు ఎంత కష్టపడాలి? "తాళాలు బొడ్లోనే పెట్టుకో" అని చెప్పి పెట్టేశాను. ఈ వృత్తికి కావలసిన తెలివిలో సగం ఇంతే. మిగతా సగమే కష్టం. అది నేను నేర్చుకున్నది నా తప్పుల దగ్గర.

బొండం తాగి రాసిన అబద్ధం

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక తుపాను తర్వాత నన్ను ఉప్పలగుప్తం వైపు పంపారు. చెరువుల గట్ల మీద రొయ్యల కాపలా కాసేవాళ్ల ఇళ్లు ఒక పాతిక దాకా ఉన్నాయి. రోడ్డు తెగిపోయి మూడు రోజులుగా ఎవరూ అటు వెళ్లలేదు. మోకాళ్లలోతు బురదలో నడిచి వెళ్లాను. అప్పుడు మోకాళ్లుండేవి. ఇల్లిల్లూ తిరిగి, "ఏం కావాలండీ మీకు?" అని అడిగాను. అందరిదీ ఒకటే జవాబు. "ఆయ్, ఏం లేదండి. ఉన్నంతలో బాగానే ఉన్నామండి. తవరు ఇంత దూరం వచ్చేరు, కూర్చోండి." కూర్చోబెట్టి ప్రతి ఇంట్లోనూ కొబ్బరిబొండం కొట్టి ఇచ్చారు. వద్దన్నకొద్దీ ఇచ్చారు. కడుపునిండా తాగి వచ్చి, 'అవసరాలు: లేవు' అని రాసి మా తహశీల్దారు గారి బల్ల మీద పెట్టాను.

ఆయన పెద్దమనిషి. ఎవరు వచ్చినా, వచ్చిన మనిషితో టీ తాగి గాని ఫైలు విప్పరు. నా కాగితం చదివి, "ఏమిచ్చేరమ్మా నీకు అక్కడ?" అన్నారు.

"బొండాలండి. ప్రతి ఇంట్లోనూ ఇచ్చేరు. ఎంత మర్యాదండీ వాళ్లది."

"మీ ఇంటికెవరన్నా వస్తే ముందు ఏమిస్తారు?"

"మంచినీళ్లండి."

"మరి వాళ్లెందుకివ్వలేదు?"

అప్పుడు వెలిగింది నాకు. పడిపోయిన చెట్ల కింద బొండాలు కావలసినన్ని ఉన్నాయి. బోరింగులో ఉప్పునీళ్లు దిగిపోయాయి. మూడు రోజులుగా ఆ పాతిక ఇళ్ల పిల్లలు బొండాలే తాగుతున్నారు. ఇంటికొచ్చిన మనిషికి లేదని చెప్పడం వాళ్లకి చావుతో సమానం. ఆ పూటే రోడ్డు తెగినచోటి దాకా ట్యాంకరు వెళ్లింది, అక్కడినుంచి బిందెలతో మోయించారు. వెళ్లింది ఆయన తెలివి వల్ల, నా కాగితం వల్ల కాదు.

అప్పటినుంచి ఏం కావాలని ఎవరినీ అడగలేదు. పొద్దున్న ఏం వండేరండీ, నీళ్లు ఎక్కడినుంచి తెచ్చేరండీ, నిన్న కనపడి ఇవాళ కనపడనివాళ్లెవరండీ అని అడిగేదాన్ని. మనవాళ్లు అవసరం చెప్పరు గాని, సంగతులు చెప్పమంటే సాయంత్రం దాకా చెబుతారు. అంతా నేర్చేసుకున్నాననుకున్నాను. అందుకే గువ్వలలంక దగ్గర మళ్లీ బోల్తాపడ్డాను.

మేస్టారి జాబితా

ఇది నా సర్వీసు చివరి ఏళ్లలో వచ్చిన వరద. గోదావరి పాయ వైనతేయ పొంగి గువ్వలలంకకి వెళ్లే కాజ్‌వే నీళ్ల కింద ఉంది. జనం చాలామంది ఎత్తుగా ఉన్న ఇళ్లలో సర్దుకున్నారు. నీరు తీయడం మొదలైంది గాని దారి బయటపడలేదు. ఆ డివిజను మొత్తానికి మా దగ్గర పనికొచ్చే ఇంజను పడవలు తక్కువ, లంకలు ఎక్కువ. ఏ ఊరి జాబితాలో ఏముందో దాన్నిబట్టే పడవ.

మిగతా ఊళ్లనుంచి వచ్చిన జాబితాలు చూస్తే ఏడవాలో నవ్వాలో తెలిసేది కాదు. ఒకరు సిగరెట్టు పెట్టె మీద రాశారు. ఒకరు ఊరంతటికీ కలిపి 'అందరూ ఇబ్బందుల్లో ఉన్నారు' అని ఒక్క వాక్యం పంపారు. గువ్వలలంక నుంచి మాత్రం రెండు పాలిథిన్ కవర్లలో చుట్టి, నూలుతాడు కట్టి, స్టాంపు కాగితమంత శుభ్రంగా ఒక జాబితా వచ్చింది. రాసింది ప్రకాశరావు మేస్టారు. ఆ ఊరి బడిలోనే పనిచేసి రిటైరైన మనిషి, అక్కడి చర్చికి సంఘపెద్ద. రూళ్లకర్రతో గీతలు కొట్టి, ఇంటి వరసన ఎంతమంది, ఎవరికి బీపీ మాత్రలు అయిపోయాయి, ఏ ఇంటి మీద కప్పు లేచిపోయి పైన కప్పడానికి బరకం కావాలి, ఏ గేదె ఈనడానికి ఉంది, అన్నీ రాశారు. తాళం వేసి ఉన్న ఇల్లయితే 'తాళం, యజమాని కాకినాడలో' అని రాశారు. నేను మురిసిపోయాను. దాన్ని కంట్రోల్ రూములో గోడకి అంటించి, "జాబితా అంటే ఇదీ. చూసి నేర్చుకోండి" అని వచ్చినవాళ్లందరికీ చూపించాను.

ఆ జాబితాలో ఒక ఇల్లు లేదు. ఆ ఇంట్లో, వారానికి రెండుసార్లు అమలాపురం ఆసుపత్రికి వచ్చి మిషను మీద రక్తం శుద్ధి చేయించుకోవలసిన మనిషి ఉంది. వరదకి ఒక విడత అప్పటికే తప్పిపోయింది. రెండోది కూడా తప్పితే ఏమవుతుందో చెప్పడానికి డాక్టరు అక్కర్లేదు. ఇవేవీ నాకు తెలియవు. రెండు రోజులు ఆ కాగితం గోడ మీద ఉంది. నేను దాన్ని మెచ్చుకున్నాను గాని లెక్కపెట్టలేదు.

చక్కగా రాసిన కాగితాన్ని మనం అనుమానించం. కొత్తగా చేరినవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. సిగరెట్టు పెట్టె జాబితాని నేను నాలుగుసార్లు తిరిగి అడిగాను. అందులో ఎవరూ తప్పిపోలేదు.

ఎనభై మూడో మీటరు

మూడో రోజు పొద్దున్న కరెంటువాళ్లు లంకకి లైను ఇవ్వడానికని మీటర్ల లెక్క పంపారు. గువ్వలలంకలో బడి, చర్చి పోను ఇళ్లవి ఎనభై మూడు మీటర్లు. మేస్టారి జాబితాలో ఇళ్లు ఎనభై రెండు.

అప్పటి మా డివిజను అధికారి చిన్నవయసువాడు, చురుకైనవాడు, ఎక్కడో గట్టినేల జిల్లానుంచి వచ్చాడు. ఆయనకి గోడకి పెద్ద తెర, తెర మీద మ్యాపు, మ్యాపులో ఊళ్లకి రంగులు ఉండాలి. అత్యవసరం ఉంటే ఎరుపు, లేకపోతే ఆకుపచ్చ. గువ్వలలంకకి మందులు, బరకాలు వెళ్లిపోయాయి కాబట్టి అది పచ్చగా వెలిగిపోతోంది.

"సార్, ఒక ఇల్లు తక్కువొచ్చింది" అన్నాను.

"తాళం వేసిన ఇల్లయి ఉంటుంది మేడమ్."

"తాళాలు కూడా రాశారండి ఆయన."

"ఎనభై మూడులో ఎనభై రెండంటే మనకున్న వాటిలో బెస్ట్ ఇదే. తొంభై తొమ్మిది శాతం. ఆ ఊరు గ్రీన్ కదండీ, వదిలేయండి."

"పచ్చగా ఉన్నది మీ మ్యాపండి. ఊరింకా నీళ్లలోనే ఉంది. పడవెక్కేది శాతాలు కాదు కదండీ, మనుషులు."

గదిలో ఉన్నవాళ్లందరూ తలలు వంచుకుని పని చేసేసుకున్నారు. ఆయన మొహం ఎర్రబడింది. నాకేం పశ్చాత్తాపం లేదు గాని, ఆయన తప్పు మాట్లాడలేదని ఇప్పుడు ఒప్పుకుంటాను. మిగతా లంకల్లో పదేసి ఇళ్లు జాడ లేనప్పుడు ఒక్క ఇంటి కోసం ఎవరూ ఆగరు. నేను ఆగింది మంచితనంతో కాదు. నేను గోడకెక్కించిన కాగితంలో తప్పుంటే ఓర్చుకోలేక.

అదృష్టవశాత్తూ ఆ పూట సింహాద్రి కాగితాలు తెచ్చి ఇచ్చి, వరండాలో టీ తాగుతున్నాడు. జాబితా గోడమీదనుంచి పీకి ఆయన ముందు కూర్చున్నాను.

"సింహాద్రిగారూ, రేవు దగ్గర దిగేక మొదటి ఇల్లెవరిదండి?"

"సత్తెమ్మగారిదండి. పక్కది ఆవిడ మరిదిదండి."

"ఊఁ, చెప్పండి. వరసన చెప్పండి."

"ఎన్ని చెప్పమంటారండి?"

"ఊరైపోయేదాకా."

ఆయన కళ్లు మూసుకుని ఊళ్లో నడవడం మొదలెట్టాడు. బడి, దాని వెనక మూడిళ్లు, గొడ్లపాక ఉన్న ఇల్లు, మధ్యలో ఎవరి కోడలు ఎవరితో మాట్లాడదో అదీ చెప్పాడు. నేను పెన్నుతో టిక్కులు పెట్టుకుంటూ వెళ్లాను. చర్చి దాకా వచ్చాం.

"చర్చికి ఆనుకుని మేస్టారిల్లండి. దాని తర్వాత..."

"ఆగండి. మేస్టారిల్లు ఇందులో లేదు."

సింహాద్రి కళ్లు తెరిచాడు. నా తెలివితక్కువకి జాలిపడ్డట్టు చూశాడు.

"ఆయన రాసుకుంటారేంటండీ? కలం చేతిలో ఉంది కదా అని తన ఇల్లు రాసుకుంటే ఊళ్లో తలెత్తుకోగలరా అండీ?"

"వాళ్లింట్లో అందరూ బాగానే ఉన్నారా?"

"మేస్టారు బాగానే ఉన్నారండి. అమ్మగారికే, ఆ మిషను పెట్టించే రోజు మొన్న దాటిపోయింది కదండి. కాళ్లు ఇంతేసి వాచేయి. నిన్న కుర్చీలో కూర్చునే ఉన్నారండి, పడుకుంటే ఆయాసం వస్తందంట. ఎవరికీ చెప్పొద్దన్నారండి మేస్టారు."

"మరి నాకెందుకు చెబుతున్నారు?"

"తవరు ఇళ్లు అడిగేరు కదండి. నేను ఇళ్లే చెప్పేనండి."

నేను లోపలికి వెళ్లేసరికి మా అధికారి లేచి నిలబడ్డాడు. ఇంకో యుద్ధానికి సిద్ధపడ్డాడేమో. సంగతి చెప్పాను. ఆయన ఒక్క నిమిషం కూడా వాదించలేదు. రాజోలు వైపు వెళ్లవలసిన ఇంజను పడవని ఆపించి, ఆసుపత్రికి తనే ఫోను చేసి మిషను ఖాళీగా ఉంచమన్నాడు. నేను బయల్దేరుతుంటే, "మీతో వాదించడంకంటే పడవ ఇవ్వడం తేలికండీ" అన్నాడు. ఆ తర్వాత ఆయన మీద నేను చాలా ఫిర్యాదులు చేశాను గాని, ఈ పూట గురించి ఎవరడిగినా మంచే చెబుతాను.

అడగని మనిషి

పడవలో సరంగు కాక నేను, ఒక నర్సమ్మ, దారి చూపించడానికి సింహాద్రి. ప్రవాహం ఎదురుగా ఉంది. మామూలుగా పావుగంట పట్టే రేవుకి గంట పైన పట్టింది. ఆ గంటలో నేను గోడకంటించిన కాగితం నా కళ్లముందు ఎన్నిసార్లు తిరిగిందో చెప్పను.

మేస్టారు అరుగు మీద ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నారు. చుట్టూ నీళ్లు, కరెంటు లేదు, ఆ ఇస్త్రీ ఎలా వచ్చిందో నాకిప్పటికీ తెలియదు. మమ్మల్ని చూసి లేచారు.

"రండి రండి మేడమ్‌గారండీ. ఇంత వరదలో మీరెందుకండీ శ్రమపడ్డం. మావాళ్లందరికీ మందులందేయండి."

"మేస్టారూ, ఈ ఇల్లెవరిదండి?"

"మాదేనండి."

"జాబితాలో లేదేంటండి?"

"ఆయ్... రాసింది నేను కదండి."

"రాసినవాళ్లకి ఇల్లుండదా అండీ?"

"అలా కాదండి. పడవలు తక్కువున్నాయన్నారు. పసిబిడ్డల తల్లులున్నారు, ముసలాళ్లున్నారు. ముందు వాళ్లవి అవ్వనిచ్చి, తర్వాత అడుగుదామని."

లోపల కుర్చీలో, ముందున్న బల్ల మీద దిండు పెట్టుకుని దానికి ఆనుకుని కూర్చున్న ఆవిడ తలెత్తింది. సుగుణమ్మగారు. మొహం ఉబ్బిపోయి ఉంది. మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకోవలసి వస్తోంది. అయినా ఊరుకోలేదు.

"అడుగుతారండి. నా జ్ఞాపకార్థ కూటానికి... వచ్చినోళ్లని అడుగుతారు."

"నువ్వే కదా సుగుణా, వద్దన్నావు."

"ఉప్పు తక్కువెయ్యొద్దన్నాను. విన్నారా?"

నర్సమ్మ నాడి పట్టుకుని నావైపు చూసి తొందరపడమన్నట్టు తలూపింది. ఆవిడని కుర్చీతో సహా ఎత్తారు సింహాద్రీ, పడవ సరంగూ. చర్చి దగ్గర జనం పోగయ్యారు. మేస్టారు ఒక్కొక్కరికీ సంజాయిషీ చెప్పుకుంటూ వస్తున్నారు. "నేను అడగలేదండి, వాళ్లే వచ్చేరండి." ఒక ముసలాయన ఆయన్ని ఆపి గట్టిగా తిట్టాడు. "అడిగితే నీ సొమ్మేం పోయింది మేస్టారూ? రేపు ఆవిడకేదన్నా అయితే మేం ఊళ్లో ఎలా తిరగాలి?" ఊరు ఏమనుకుంటుందోనని ఆయన రాయలేదు. ఊరు అనుకునేది అదీ.

ఇవతలి రేవులో ఆంబులెన్సు ఉంది. ఆసుపత్రిలో మిషను ఖాళీగా ఉంది. నాలుగు గంటలు పట్టింది. బయట బల్లమీద నేను, మేస్టారు కూర్చున్నాం. ఆయనని తిట్టాలని నోటిదాకా వచ్చింది. ఇస్త్రీ చొక్కా భుజం దగ్గర తడిసి ఉంది, ఆవిడ తల అక్కడ పెట్టుకుని వచ్చింది. ఊరుకున్నాను. నేను ఊరుకున్న సందర్భాలు సర్వీసులో తక్కువ కాబట్టి గుర్తుంది.

తర్వాత మా దగ్గర ఒక పద్ధతి పెట్టాను. ఏ ఊరి జాబితా అయినా సరే, మొదటి వరసలో రాసినవారి ఇల్లే ఉండాలి. లేకపోతే కాగితం తిప్పి పంపడమే. పెద్దమనుషులు చాలామంది గొణిగారు. ఒక మాజీ సర్పంచి నామోషీగా ఉందండీ అని ఫోను చేశాడు. నామోషీ గవర్నమెంటుదే, మీది కాదు, మేమే రాయమన్నామని చెప్పుకోండి అన్నాను. ఆ మాట దొరికేసరికి అందరూ హాయిగా రాశారు. మనవాళ్లు అడగలేరు గాని, ఆజ్ఞ అయితే పాటిస్తారు. అడగలేని మనిషికి ఆ ఆజ్ఞ ఏదో మనమే చూసి ఇవ్వాలి.

ఆ పద్ధతి ప్రకారం మొట్టమొదటి జాబితా రాసింది కూడా ప్రకాశరావు మేస్టారే. మర్నాడు పొద్దున్న ఆసుపత్రి వార్డులో. సుగుణమ్మగారు మంచం మీద ఆనుకుని కూర్చుని ఇడ్లీ తింటున్నారు, చట్నీలో ఉప్పు లేదని నర్సుతో తగువాడుతున్నారు. మేస్టారు పాత జాబితా అడిగి తీసుకుని, చివర ఖాళీలో చిన్న అక్షరాలతో ఎనభై మూడో నంబరు వేయబోయారు.

"అలా కాదండి. కొత్త కాగితం మీద మొత్తం తిరగరాయండి. మీ ఇల్లు ఒకటో నంబరు" అన్నాను.

"ఒకటా అండీ? ఆఖర్న ఉన్నా లెక్క సరిపోతుంది కదండి."

"సరిపోదండి."

ఆయన కాగితం మీద గీతలు కొట్టారు. ఒకటి వేశారు. కలం అక్కడే ఆగిపోయింది. ఇటూ అటూ చూశారు, వార్డులో గువ్వలలంకవాళ్లు ఎవరూ లేరు. నెమ్మదిగా రాశారు. సుగుణమ్మ. ఇంట్లో ఉన్నవారు ఇద్దరు. అవసరం అన్నచోట ఇంకాసేపు ఆగి, 'అమలాపురానికి పడవ' అని రాశారు.

సుగుణమ్మగారు ఇడ్లీ ప్లేటు పక్కన పెట్టి, కాగితం లాక్కుని చదివారు.

"సోమవారం, గురువారం అని కూడా రాయండి" అన్నారు.

రాశారు.